కుదిరే దాకా నమ్మని పెట్టె

మా చిన్నాయన కృష్ణకాంత్ నోట మాట వినాలంటే ఆయన ముందు చెడిపోయిన కాటా ఒకటి పెట్టాలి. హిందూపురం మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా, ఎరువుల అంగడికీ టీ కొట్టుకీ నడుమ ఇరుక్కున్న చిన్న గది ఆయనది. అందులో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేస్తాడు. బెల్లం మండీలవాళ్ళు, చికెన్ అంగళ్ళవాళ్ళు, అగళి నుంచీ గుడిబండ నుంచీ చింతపండు కొనేవాళ్ళు ఆయన దగ్గరికే వస్తారు. "ఎప్పటి నుంచి ఇట్ల చేస్తాంది? వానలో పెట్టినారా? ఎలుకేమన్నా దూరిందా?" అని కాటా గురించి అన్నీ అడుగుతాడు. తెచ్చిన మనిషిని మాత్రం ఏమీ అడగడు.

మాది మండీ వ్యాపారం చేసిన కుటుంబం. తాత సుబ్రహ్మణ్యం శెట్టి కాలంలో చింతపండు తూయడానికి గుండ్రటి ముఖం ఉన్న పెద్ద ముల్లుకాటా ఉండేది. మూట పడగానే ముల్లు అటూ ఇటూ ఊగేది. "ముల్లు నిలబడక ముందే అంకె చెప్పేవాడు దొంగ" అని తాత అనేవాడట. రైతు తొందరపెట్టినా, హమాలీ విసుక్కున్నా, ముల్లు కుదిరే దాకా నోరు తెరిచేవాడు కాదు. ముగ్గురు కొడుకుల్లో ఆ గుణం పూర్తిగా వచ్చింది చిన్నాయనకే. ఆయన పెళ్ళిచూపుల గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పిల్ల ఏదో అడిగిందట. ఈయన జవాబు బాగా ఆలోచించుకొని చెప్పేలోగా వాళ్ళు కాఫీలు తాగి లేచిపోయారట. ఆ తరువాత రెండు మూడు సంబంధాలు వచ్చాయి. కొన్నాళ్ళకు అవీ రావడం మానేశాయి.

పంపకాలప్పుడు మండీని మా నాయన, పెదనాయన తీసుకున్నారు. చిన్నాయన మూలన పడున్న పాత కాటాలు చాలన్నాడు. అంగడి వెనకాల గదిలోనే ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి భోంచేసి, తన కంచం తానే కడిగిపెట్టి వెళ్ళిపోతాడు. ఎవరూ పొమ్మనరు. కానీ ఆయన పొద్దున్నే పేపరు వేసేవాడిలా, వచ్చిన పని అయిపోగానే మెట్లు దిగిపోతాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక రోజు పెనుకొండ దారిలో ఉన్న ఇంజనీరింగు కాలేజీ నుంచి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. ఒకడు ఉమాశంకర్, ఎత్తుగా, ఎప్పుడూ ఫోను చేతిలో పట్టుకొని ఉంటాడు. రెండోది ప్రత్యూష, ధర్మవరం పిల్ల, పట్టుచీరలు నేసే ఇంటి అమ్మాయి.

"అన్నా, ఎర్ర అంకెల డిస్‌ప్లే ఒకటి కావాల. కాటాది. పాతదైనా పర్వాలేదు" అన్నాడు ఉమాశంకర్.

"ఏ కాటాకు?"

"కాటాకు కాదన్నా, కారుకు."

చిన్నాయన తల ఎత్తాడు. "కారును తూస్తారా?"

ప్రత్యూష నవ్వింది. "కారును కాదన్నా. టైమును తూస్తాము."

విషయం ఏమిటంటే, వాళ్ళ కాలేజీ పిల్లలు కొందరు కలిసి ఒకే సీటున్న చిన్న రేసు కారు తయారుచేశారు. బైకు ఇంజను, ఇనుప పైపుల బాడీ, నేలకు జానెడు ఎత్తులో సీటు. కోయంబత్తూరు దగ్గర కాలేజీల పోటీ ఉంది. ఇక్కడ ప్రాక్టీసు చేసేటప్పుడు ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు పట్టిందో ఫోను స్టాప్‌వాచీతో చూసేవారు. దాంతో రోజూ తగాదాలు.

"నొక్కే బొటనవేలు ఎవరిదైతే వాళ్ళ దోస్తే గెలుస్తాడన్నా" అన్నాడు ఉమాశంకర్. "అందుకే మనిషి చెయ్యి లేకుండా చేయాలనుకుంటిమి. గీత దగ్గర లైటు పెడతాము. కారు దానికి అడ్డం వస్తే టైము దానంతటదే పడాల."

చిన్నాయన చేతిలోని టంకం వేసే కడ్డీని స్టాండులో పెట్టాడు. "డిస్‌ప్లే ఒకటే తీసుకుపోతే ఏం లాభం? దాన్ని నడిపే బోర్డు కావాల కదా."

"మీరు చేస్తారా అన్నా?"

ఆయన బల్లమీది కాటాను మళ్ళీ విప్పసాగాడు. వాళ్ళు ఇక వెళ్ళిపోదామని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగా, "కారు ఎంత పొడుగుంటుంది?" అని అడిగాడు.

ఆ పెట్టె తయారవడం నేను చూశాను. పనికిరాని ఒక బెల్లం కాటా నుంచి ఎర్ర అంకెల ముఖం ఊడదీశాడు. బెంగళూరు నుంచి చిన్న కంట్రోలర్ బోర్డు తెప్పించుకున్నాడు. దానికి ఏం చెప్పాలో, ఎలా రాయాలో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. రోడ్డుకు ఒక వైపు కంటికి కనిపించని కాంతి వదిలే దీపం, రెండో వైపు దాన్ని అందుకునే కన్ను. ఎండ ఆ కంటిలో పడకుండా నల్లరంగు పూసిన ప్లాస్టిక్ పైపు ముక్కను తొడిగాడు. రెండూ సరిగ్గా ఎదురెదురుగా నిలిస్తే పెట్టె మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది. కారు అడ్డంగా పోతే పెట్టె ఒక చుట్టు ముగిసిందని గుర్తించి, ఎంతసేపు పట్టిందో అంకెల్లో చూపిస్తుంది. పాత కాటా ముఖం మీద 'కిలోలు' అన్న స్టిక్కరు ఊడిరాలేదు. దాన్ని అట్లాగే ఉంచేశాడు.

ప్రాక్టీసు చేసే చోటు పెనుకొండ అవతల, ఎర్రమంచికి కొంచెం ముందు ఉంది. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఎవరో పొలాలు కొని ప్లాట్లు వేశారు. తారు రోడ్లు, తెల్ల సున్నం రాళ్ళు, ముందర పెద్ద కమాను, అన్నీ ఉన్నాయి. ఇళ్ళు మాత్రం ఒక్కటీ లేవు. ఆ ఖాళీ రోడ్ల మీద వలయంలా ఒక దారి చూసుకొని పిల్లలు కారు తిప్పేవాళ్ళు. కాపలా ఉన్న రామన్న తన గొర్రెలను ఆ ప్లాట్లలోనే మేపుకొనేవాడు.

పెట్టె మొదటిరోజు పని చేసినప్పుడు ఉమాశంకర్ పెద్దగా చదివాడు. "దీపక్, నీది అరవై ఆరు కిలోలురా."

"తిండి తగ్గిస్తాలే" అన్నాడు దీపక్. ప్రత్యూషలాగే అతనూ ఆ కారు నడిపేవాడే. అనంతపురం పిల్లాడు, ఎవరినైనా నవ్వించగలడు. అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వాడని ఉమాశంకర్ తరువాత నాకు చెప్పాడు. నేను నమ్మడానికి కొంచెంసేపు పట్టింది.

అయితే ఒక చిక్కు వచ్చింది. రామన్న గొర్రె ఒకటి తల ఊపితే పెట్టె ఒక చుట్టు అనుకునేది. గాలికి ఎండుటాకు ఎగిరినా చుట్టే. కాకి వాలినా చుట్టే. "అన్నా, రామన్న గొర్రె మనకంటే ఫాస్టుగా ఉంది" అన్నాడు దీపక్. చిన్నాయన పెట్టెను అంగడికి తెచ్చుకొని, కాటాలో ఉండే పద్ధతే దానికీ పెట్టాడు. కాటా ఎప్పుడూ మొదట వచ్చిన అంకెను చూపించదు. బరువు నిలకడగా ఉందో లేదో కొంచెంసేపు గమనిస్తుంది. కుదిరాకే చూపిస్తుంది. అట్లాగే పెట్టె కూడా కాంతి తెగగానే తొందరపడకూడదు. కనురెప్ప కొట్టినంతసేపైనా అడ్డం నిలిస్తేనే అది కారు. అంతకంటే తక్కువైతే ఆకో, కాకో, లెక్కలోకి తీసుకోకూడదు. తన మోపెడ్‌ను గీత మీదుగా అటూ ఇటూ నడిపి చూసుకున్నాడు. ప్రతిసారీ పడింది. ఆకులు విసిరి చూశాడు. ఒక్కటీ పడలేదు.

"ఇప్పుడు అబద్ధం చెప్పదు" అని నాతో అన్నాడు.

అప్పటి నుంచి ఆయన శని, ఆదివారాలు అక్కడే. పొద్దున్నే బస్సెక్కి పోయేవాడు. పిల్లలు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు కట్టించుకొని వచ్చేవాళ్ళు. కమాను నీడలో పేపరు పరుచుకొని తినేవాళ్ళు. "కాటా అన్నకు పక్కన పెట్టండప్పా, ఆయన అడగడు, మనమే తినేస్తాం" అని ప్రత్యూష ముందే ఒక పొట్లం తీసి పెట్టేదట. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఆయన కంచం బోర్లించే ఉండేది. మా అమ్మ మొదట్లో బాధపడింది. తరువాత, "పోనీలే, ఎవరితోనో కూర్చొని తింటాండాడు" అనుకుంది.

ఒక సోమవారం సాయంత్రం చిన్నాయన మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే, "నేను కోయంబత్తూరు పోతాండాను" అన్నాడు.

"ఎవరితో?" అంది అమ్మ.

"మావాళ్ళతో."

ఆయన నోట 'మావాళ్ళు' అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు.

వ్యానులో పిల్లలు పోగా ఒక్క సీటు మిగులుతుందట. "మీరు లేకుంటే పెట్టె పలకదన్నా, మీరు రావాల్సిందే" అని ఉమాశంకర్ ఆ సీటు ఆయనకిచ్చాడు. అసలు పోటీలో టైము పోటీ పెట్టేవాళ్ళే చూస్తారు. కానీ దానికి ముందు రెండు రోజులు ప్రాక్టీసు ఉంటుంది. దానికి ఎవరి పెట్టె వాళ్ళు తెచ్చుకోవాలి. చిన్నాయన కొత్త బ్యాగు కొన్నాడు. అంగడి మూసి ఉంటుందని బోర్డు ఎలా రాయాలో నన్ను అడిగాడు. రాసిచ్చాను. పోటీకి ఇంకా వారాలు ఉండగానే దాన్ని గోడకు ఆనించి పెట్టుకున్నాడు.

ఆ సీటుకు ఒక మెలిక ఉంది. పోటీకి ఒక్క డ్రైవరు పేరే పంపాలి. దీపక్, ప్రత్యూష ఇద్దరిలో ఎవరో ఒకరు. దీపక్ అయితే ప్రత్యూష రాదు. "నడిపేదుంటే పోదాం, నేనూ వస్తా. ఊరికే మగపిల్లోళ్ళ ఎంబడి పోయి చూసేదానికైతే వద్దు అంది మా అమ్మ" అని ప్రత్యూష అందరి ముందే చెప్పింది. టీములో ఆడపిల్ల ఆమె ఒక్కతే. అంటే, దీపక్ నడిపితే చిన్నాయనకు సీటు ఉంటుంది. ప్రత్యూష నడిపితే ఆ సీటులో వాళ్ళమ్మ కూర్చుంటుంది. అయితే అందరిలోనూ దీపక్ గెలుస్తాడన్న లెక్కే ఉండేది.

ఎంపిక జరిగిన రోజు నేనూ వెళ్ళాను. ఎండ తారు మీద అలలుగా లేస్తోంది. దూరంగా పెనుకొండ కొండ, దాని మీద కోట గోడ మసకగా కనిపిస్తున్నాయి. దీపక్ నడిపినప్పుడు మలుపుల్లో టైర్లు కీచుమనేవి. చివరి మలుపులో కారు బయటి అంచుకు జారేది. చూడటానికి చాలా వేగంగా అనిపించేది. ప్రత్యూష నడిపితే చప్పుడు తక్కువ. చివరి మలుపును మెల్లగా తిప్పి, అక్కడ నుంచి నేరుగా దూసుకొచ్చేది. గీత దాటేటప్పుడు గాలి ముఖానికి కొట్టేది.

పెట్టె మాత్రం ఆమెతో మాట్లాడలేదు. ఆమె గీత దాటింది, అంకె పడలేదు. మళ్ళీ చుట్టు తిరిగి వస్తే, రెండు చుట్లకూ కలిపి ఒక పెద్ద అంకె పడింది.

"మిస్సు" అన్నాడు ఉమాశంకర్. "ఇది కొట్టేద్దాం."

మళ్ళీ అట్లాగే అయింది. మధ్యలో ఒకటో రెండో పడ్డాయి, అవి మామూలు అంకెలు.

"ప్రత్యూషా, పెట్టెకు నీమీద అలక" అన్నాడు దీపక్. "ఒక కొబ్బరికాయ కొట్టు."

"కొడతా. నీ తలమీద కొడతా" అంది ఆమె హెల్మెట్ లోపల నుంచి.

పడిన అంకెల్లో మంచిది దీపక్‌ది. ఉమాశంకర్ ఆ మాట చెప్పాడు. ప్రత్యూష కారు దిగి హెల్మెట్ తీసింది. జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుపోయింది. ఆమె చిన్నాయన వైపు చూసి, "పెట్టె సరిగ్గానే చెప్పిందా అన్నా?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే.

"పెట్టె తప్పు చెప్పదమ్మా" అన్నాడు ఆయన. ఈసారి ఆలోచించుకోవడానికి సమయం తీసుకోలేదు.

ఆ తరువాతి వారం చింతపండు సీజను ముమ్మరంగా ఉంది. యార్డులో ఒక మండీ కాటా మొరాయిస్తోందని చిన్నాయనను పిలిచారు. నేను ఆయనకు మధ్యాహ్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్ళి అక్కడే నిలబడ్డాను. హమాలీ రామాంజి మూటలు వేస్తున్నాడు. లారీ ఎదురుచూస్తోంది. మూటను కాటా మీద పడేసిన మరుక్షణం భుజానికెత్తుకుంటున్నాడు.

"ఏం శెట్టీ, నీ కాటా నిద్రపోతాందా? మూట వేస్తి, తీస్తి, అది ఇంకా సున్నానే చూపిస్తాంది."

"నువ్వు నిలపకుండా తీస్తివి కదప్పా. అది కుదురుకోవద్దా?" అన్నాడు చిన్నాయన.

"అది కుదురుకునేలోగా నేను లారీ కాడ ఉండా. నేను దొంగిలించుకొని పోయినా దానికి తెలీదు" అని రామాంజి నవ్వుకుంటూ పోయాడు.

చిన్నాయన కాటా పక్కన స్క్రూడ్రైవరు పట్టుకొని అట్లాగే ఉండిపోయాడు. క్యారియరు నా చేతిలోంచి తీసుకోకుండానే అంగడి వైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను.

బల్లమీద దీపాన్నీ, కన్నునూ ఎదురెదురుగా పెట్టాడు. అట్టముక్క ఒకటి తీసుకొని మధ్యలో నుంచి మెల్లగా జరిపాడు. అంకె పడింది. వేగంగా విసిరినట్టు జరిపాడు. పడలేదు. ఇంకోసారి. పడలేదు. ఆయన అట్టను బల్లమీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు.

నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆయనకు ఎక్కువ మాటలు అక్కర్లేకపోయాయి. పెట్టె కుదిరే దాకా నమ్మదు. కారు ఎంత వేగంగా గీత దాటితే కాంతి అంత తక్కువసేపు తెగుతుంది. మరీ వేగంగా దాటితే పెట్టె దాన్ని ఎగిరే ఆకు అనుకుంటుంది. దీపక్ చివరి మలుపులో జారి, వేగం పోగొట్టుకొని గీత దాటేవాడు. అందుకే ప్రతిసారీ పడింది. ప్రత్యూష చుట్టు ఎంత బాగా తిరిగితే గీత అంత వేగంగా దాటేది. ఆమె మంచి చుట్లే పెట్టె పారేసింది. బాగా తిరగనివి మాత్రం ఉంచింది.

"మోపెడ్‌తో చూసుకుంటి. మోపెడ్ ఎంత వేగం పోతాది?" అన్నాడు. కొంచెం ఆగి, "నాయన చెప్పిందే చేస్తి కదా" అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు.

బయట లారీ హారను కొడుతోంది. గోడకు ఆనించిన బోర్డు వైపు నేను చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

"నేను చెప్పకుంటే ఎవరికీ తెలీదు" అన్నాడు చిన్నాయన. "పెట్టెను బాగుచేసుకొని పోవచ్చు. దీపక్‌వి అయినా తప్పు అంకెలు కావు. ఉన్నవే."

నాకూ తొందరగా మాట రాదు. ఆయన క్యారియరు విప్పి, అన్నం కొంచెం తిని, మూత పెట్టేశాడు. ఆ రోజంతా అంగడికి వచ్చినవాళ్ళను కాటా గురించి కూడా ఏమీ అడగలేదు.

శనివారం ఆయన పెట్టె సంచిలో పెట్టుకొని వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. అక్కడ జరిగింది ఉమాశంకర్ తరువాత అంగడికి వచ్చినప్పుడు చెప్పాడు, మిగిలింది చిన్నాయన కొంచెం కొంచెంగా చెప్పాడు.

పిల్లలు టైర్లకు గాలి పట్టిస్తున్నారట. చిన్నాయన పోయి, "ఉమా, మొన్న పెట్టె చెప్పింది తప్పు" అన్నాడు.

"ఏది తప్పన్నా?"

ఆయన చెప్పాడు. చేతిలో అట్టముక్క పట్టుకొని చూపించాడు కూడా. ఉమాశంకర్ ముఖం ఎర్రబడింది. "అన్నా, పేరు పంపేది ఎల్లుండి. ఇప్పుడా చెప్పేది? కాలేజీలో సార్‌కు ఏం చెప్పాల?"

"నేను చెప్తా సార్‌కు."

"మీరు చెప్తే ఆయన మనల్నందర్నీ తిడతాడు."

దీపక్ గ్లవుజులు తీసి కారు మీద పడేశాడు. "నేను గెలిస్తే పెట్టె తప్పు. ఆయమ్మి గెలిస్తే ఒప్పా? ఏమన్నా, ఉగ్గాని పొట్లం తీసిపెట్టేది ఆయమ్మి అనా?"

దానికి జవాబు ప్రత్యూష చెప్పింది. "దీపక్, ఆయన సీటు కూడా పోతుంది, అది చూసుకో ముందు. మళ్ళీ తిప్పుదాం. నువ్వే ఫస్టు పో."

మళ్ళీ తిప్పారు. చిన్నాయన పెట్టెలో ఆ వేచిచూసే పద్ధతి తీసేశాడు. గొర్రెలు రాకుండా రామన్నను గీత దగ్గర కర్ర పట్టుకొని నిలబడమన్నారు. "ఈ కాలంలో గొర్రెలకు కూడా పోలీసు డ్యూటీనా" అని రామన్న గొణుక్కున్నాడు. దీపక్ అంతకుముందుకంటే బాగా నడిపాడు. ప్రత్యూషది ఒక్క చుట్టు కూడా మిస్సు కాలేదు. పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానం లేదు. ఆమెదే మంచి టైము, ఒకటి కాదు, వరసగా.

దీపక్ కమాను దాకా నడిచిపోయి, కాసేపు అక్కడ నిలబడి, తిరిగి వచ్చాడట. కారును ట్రాలీ ఎక్కించేటప్పుడు అందరికంటే ముందు చెయ్యి వేసింది అతనేనట. చిన్నాయనతో మాత్రం మాట్లాడలేదు.

సాయంత్రం బస్సు దాకా ఉమాశంకర్ చిన్నాయనను బైకు మీద తెచ్చి దింపాడు. దిగాక పోకుండా హ్యాండిలు పట్టుకొని నిలబడ్డాడు.

"అన్నా, వ్యానులో..."

"తెలుసప్పా. వాళ్ళమ్మ వస్తాది."

"మీరు ట్రైనులో రాండన్నా. ఆడ స్టేషనుకు ఎవరన్నా వచ్చి పిలుచుకుంటాం."

ఆ మాట మంచిగానే అన్నాడు. కానీ అంటుండగానే ఫోను చూసుకున్నాడు. చిన్నాయన, "చింతపండు సీజను కదప్పా, అంగడి మూసేదానికి కాదు" అన్నాడు.

"పెట్టె?"

"పెట్టె తీసుకుపోండి. ఎట్ల పెట్టాలో నేర్పిస్తా."

వ్యాను పోయే రోజు పొద్దున్నే చిన్నాయన పెనుకొండ క్రాసు దగ్గర నిలబడ్డాడు. ధర్మవరం నుంచి వచ్చే బస్సులో ప్రత్యూష, వాళ్ళమ్మ చౌడేశ్వరి దిగారు. చౌడేశ్వరి చేతిలో స్టీలు డబ్బా, భుజాన సంచి. నవ్వు ముఖం. పిల్లలందరికీ కారు పని, టైర్ల పని ఉంటుంది కాబట్టి, పెట్టె దగ్గర కూర్చునేది ఆమేనని ప్రత్యూషే తేల్చింది.

రోడ్డు పక్కన దీపాన్నీ కన్నునూ నిలబెట్టి చిన్నాయన చూపించాడు. రెండూ ఎదురెదురుగా ఉండాలి, వెంట్రుకవాసి పక్కకు పోయినా లైటు వెలగదు.

"మగ్గం పన్నెలో పోగు సరిచూసుకున్నట్ల చూడాల, అంతే కదన్నా" అని ఆమె ఒక్కసారికే లైటు వెలిగించింది. "మా ఇంట్లో రోజంతా చేసేది ఇదే పని. పోగు తెగితే మా అత్త ఊరుకోదు, ఈడ తెగితే ఎవరు అరుస్తారు?"

"ఎవరూ అరవరమ్మా" అన్నాడు చిన్నాయన.

"నువ్వు రావా అన్నా?"

"అంగడి ఉంది."

"అయ్యో, నువ్వూ వస్తావనుకొని ఓళిగలు ఎక్కువ చేస్తి." ఆమె డబ్బా తెరిచి, కాగితంలో నాలుగు బొబ్బట్లు చుట్టి ఆయన చేతిలో పెట్టింది. వ్యానులో ఆమె ఎక్కడ కూర్చుంటుందో, ఆ సీటు ఎవరిదో ఆమెకు తెలియదు. ప్రత్యూషకు తెలుసు. ఆమె ఏదో చెప్పబోయింది. ఈలోగా లోపల నుంచి ఎవరో "ఎక్కండి, ఎక్కండి, బెంగళూరు ట్రాఫిక్కులో పడతాం" అని అరిచారు. "పోయొస్తామన్నా" అని మాత్రం అంది.

ఆ రోజు ఆయన అంగడి ఎప్పటికంటే ముందుగానే తెరిచాడు. గోడకు ఆనించిన బోర్డు ఎక్కడ పెట్టాడో నాకు కనపడలేదు. ఓళిగల్లో రెండు నాకిచ్చాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం నేను క్యారియరు తీసుకెళ్ళేసరికి ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతల చౌడేశ్వరి గొంతు నాకు కూడా వినిపిస్తోంది.

"లైటు ఎలగలేదన్నా. పొద్దున ఎలిగింది. ఇప్పుడు ఎలగడం లేదు. పిల్ల కారెక్కి కూర్చోనుండాది."

"ఎండ ఏ పక్క నుంచి వస్తాంది?"

"ఎదురుంగా వస్తాంది, కండ్లు తెరిచేదానికి లేదు."

"అయితే దీపం ఈ పక్కకు, కన్ను ఆ పక్కకు మార్చమ్మా. కంటికి ఎండ తగలకూడదు. మార్చినాక కొంచెం కొంచెంగా తిప్పు. తొందరలేదు."

ఇనుము నేలమీద ఈడ్చినట్టు వినిపించింది. ఆ తరువాత, "ఎలిగిందన్నా, ఎలిగింది. నువ్వు సల్లగుండాల" అంది ఆమె.

"సరేమ్మా" అని చిన్నాయన ఫోను చెవి దగ్గర నుంచి తీశాడు. చూస్తే కాల్ ఆగలేదు. ఆమె కట్ చేయడం మరిచి, ఫోనును ఎక్కడో పెట్టేసినట్టుంది. ఆయన వేలు ఎర్ర గుర్తు మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఫోనును బల్లమీద, విప్పి పెట్టిన కాటా పక్కన, మెల్లగా పెట్టి స్పీకరు నొక్కాడు.

ఎవరో నీళ్ళు అడుగుతున్నారు. దీపక్ గొంతు ఏదో అంటే గుంపంతా నవ్వింది, ఏమన్నాడో తెలియలేదు. "ఎవరితో మాట్లాడినావమ్మా?" అని ప్రత్యూష అడిగింది.

"హిందూపురం కాటా అన్నతో. అంగడి ఇడిసిపెట్టి రాలేడంట, పాపం."

ప్రత్యూష జవాబు చెప్పలేదు. కొంచెంసేపటికి ఇంజను మొదలైంది.

చిన్నాయన టంకం కడ్డీ తీసుకొని పనిలో పడ్డాడు. నేను క్యారియరు విప్పి పెట్టాను. ఆయన చూడలేదు. ఇంజను చప్పుడు దూరంగా పోయేది, తిరిగి వచ్చేది, "పడింది" అని చౌడేశ్వరి సంతోషంగా అరిచేది. అట్లా ఎంతసేపు గడిచిందో తెలియదు. మధ్యలో ఆయన ఛార్జరు తీసి ఫోనుకు తగిలించాడు.

అగళి నుంచి ఒక పెద్దాయన కాటా సంచిలో వేసుకొని వచ్చాడు. సగం కన్నడం, సగం తెలుగు. "నమస్కార శెట్రే. ఎవరో మాట్లాడతాండారు? నేను ఆమేలె, మళ్ళీ రావాల్నా?"

"ఎవరూ లేరప్పా. బండ్లు పోతాండాయి, అంతే. కూర్చో."

పెద్దాయన స్టూలు లాక్కొని కూర్చొని, కాటా ఎక్కడ కింద పడిందో చెప్పబోయాడు. అప్పుడే ఫోనులో ఇంజను చప్పుడు మళ్ళీ పెరుగుతోంది. చిన్నాయన చెయ్యెత్తి ఆగమన్నాడు. కారు దగ్గరికొచ్చింది, దాటింది, దూరమైంది. ఆయన చెయ్యి దించి, కాటాను తన వైపు తిప్పుకున్నాడు.

"ఆఁ, చెప్పు. ఎలుకేమన్నా దూరిందా?"